కమిషనింగ్ కాంట్రాక్టుకు పిలుపొచ్చిందా? బ్యాగు సర్దే ముందు ఇవి చూసుకోండి

కమిషనింగ్ అంటే కట్టిన ప్లాంటుని పరీక్షించి మొదటిసారి నడిపించే పని, దానికి పిలిచే ఫోన్ ఎప్పుడూ సాయంత్రం ఆరు దాటాకే వస్తుంది. "సార్, ఇన్‌స్ట్రుమెంటేషన్ కమిషనింగ్, ఆరు నెలల కాంట్రాక్టు, ఎక్స్‌టెన్షన్ గ్యారంటీ, సోమవారం జాయినవ్వగలరా?" అని అడిగే కన్సల్టెన్సీ కుర్రాడికి లూప్ చెక్ (ఫీల్డులో మీటరు నుంచి కంట్రోల్ రూము స్క్రీను దాకా సిగ్నల్ సరిగ్గా వెళ్తోందో చూడటం) అంటే ఏంటో తెలియదు, ఒక్కోసారి ప్లాంటు ఏ ఊళ్లో ఉందో కూడా తెలియదు. అతని ముందు ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది, అందులో మీ పేరు పక్కన గడి ఖాళీగా ఉంటుంది, అది నింపడమే అతని పని. అతని మీద కోప్పడకండి. కానీ ఆ ఫోన్‌లోనే సరే అని మాత్రం అనకండి.

నేను పద్నాలుగేళ్లుగా ఇలా తిరుగుతున్నవాణ్ణే. పవర్ ప్లాంట్లు, ఒక రిఫైనరీ, ఒక ఎరువుల ఫ్యాక్టరీ, రెండుసార్లు గల్ఫ్. పర్మనెంట్ ఉద్యోగం అన్నీ కలిపి రెండేళ్లు కూడా చేయలేదు. ఈ మధ్య మా ఊరి పిల్లలు, మా తమ్ముడి స్నేహితులు "అన్నా, కాంట్రాక్టు మీద పిలుస్తున్నారు, వెళ్లొచ్చా?" అని వరసగా అడుగుతుంటే ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేచోట రాస్తున్నా. డిప్లొమానో బీటెక్కో అయ్యి రెండు మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి ఇది పనికొస్తుంది. ఫ్రెషర్లు కూడా చదవొచ్చు, కొంత అర్థం కాకపోయినా నష్టం లేదు.

ముందు ఈ ఉద్యోగం ఎందుకు పుడుతుందో చూడండి. ప్లాంటు నడపడానికి కొన్ని వందల మంది చాలు, కట్టడానికి వేలమంది కావాలి. మొదట సివిల్ వాళ్లు, తర్వాత స్ట్రక్చర్, పైపింగు, ఆ వెనక ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంట్ (ప్రెషర్, లెవెల్ లాంటివి కొలిచే పరికరాలు), చివర్లో కమిషనింగ్ వాళ్లు, ఒకళ్లు దిగుతుంటే ఇంకొకళ్లు ఎక్కుతుంటారు. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటులో 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, రామగుండంలో ఎన్టీపీసీ కొత్తగా కట్టిన 800 మెగావాట్ల యూనిట్లు రెండు, 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచిన విశాఖ రిఫైనరీ, ఇలాంటివి ఏ కంపెనీ అయినా తన సొంత స్టాఫ్‌తోనే కట్టలేదు. పెళ్లికి వంటమాస్టరుని పిలిచినట్టే మనల్ని పిలుస్తారు. వంట బాగుంటే మెచ్చుకుంటారు, పై పెళ్లికీ కబురు పెడతారు, అంతేగానీ పెళ్లయ్యాక ఇంట్లో ఉంచుకోరు. దీంట్లో అవమానం ఏమీ లేదు, కానీ ఒక చిక్కుంది. మీరు సైటులో పని ముగిసి, అంటే డీమాబ్ అయిపోయి, వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడు ఇక్కడ ఏదైనా తేడా వస్తే, మీ తరఫున మాట్లాడటానికి మీరు ఉండరు, మీరు సంతకం పెట్టిన కాగితం ఒక్కటే ఉంటుంది. కింద నేను చెప్పేదంతా దాదాపు ఆ కాగితాల గొడవే.

ఫోన్‌లో అడగాల్సినవి

మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. "ప్లాంటు ఇప్పుడు ఏ స్టేజీలో ఉంది?" అని అడగండి. కన్సల్టెన్సీ వాడికి తెలియకపోతే సైటు ఇంజనీరు నంబరు ఇమ్మనండి, ఇవ్వకపోతే అప్పుడే కొంచెం అనుమానించండి. ఎందుకంటే కమిషనింగ్ ఇంజనీరు అని పిలిచి తీరా వెళ్తే కేబుల్ ట్రే కూడా పడని సైట్లు చూశాను, అక్కడ మిమ్మల్ని ఎరెక్షన్ (పరికరాలు బిగించే పని) సూపర్‌వైజరుగా ఎండలో నిలబెడతారు, ఆరు నెలలు అయిపోతాయి, మీ రెజ్యూమేలో కమిషనింగ్ అని రాసుకోవడానికి ఒక్క లూపు కూడా ఉండదు. హైడ్రో టెస్టులు (పైపుల్లో నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూడటం) ఎంతవరకు వచ్చాయి, డీసీఎస్ (ప్లాంటుని నడిపే కంట్రోల్ కంప్యూటరు) ప్యానెళ్లకి కరెంటు ఇచ్చారా, ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ (వాల్వుల్ని కదిలించే గాలి) వచ్చిందా అని మూడు ప్రశ్నలు వేస్తే చాలు, అవతలివాడు సైటు మనిషైతే నిమిషంలో చెప్పేస్తాడు. డీసీఎస్‌కి ఇంకా పవర్ రాలేదంటే లూప్ చెకింగ్ ఇప్పట్లో లేనట్టే.

రెండోది, మీరు ఎవరి మనిషి? ప్లాంటు ఓనరు ఒకరు, డిజైన్ నుంచి కట్టి అప్పగించే దాకా చూసే ఈపీసీ కాంట్రాక్టరు ఒకరు, అతని కింద సబ్ కాంట్రాక్టరు, ఆ కింద మ్యాన్‌పవర్ సప్లై చేసేవాడు. మీ పేస్లిప్ ఎవరి పేరు మీద వస్తుందో అతనే మీ యజమాని, గేటు మీద ఎంత పెద్ద పేరున్నా సరే. మధ్యలో ఎన్ని చేతులుంటే డబ్బు మీ దగ్గరికి రావడానికి అన్ని నెలలు అనుకోండి. నా విషయంలో ఒకసారి నాలుగు చేతులు ఉన్నాయి, చివరి నలభై ఐదు రోజుల డబ్బు ఇప్పటికీ రాలేదు. అడిగినప్పుడల్లా "పైనుంచి బిల్లు పాస్ కాలేదు సార్" అనేవాడు, పాపం అతను చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, కానీ నా చేతిలో ఆఫర్ లెటరు బదులు ఒక వాట్సాప్ మెసేజ్ ఉండేది. ఎవరి మీదకని వెళ్తాను?

జీతం లెక్క ఇలా కట్టండి

నెలకు 60,000 అన్నారనుకోండి. 26 రోజులకా, 30 రోజులకా? 26 అయితే ఆదివారం పనిచేస్తే విడిగా ఇవ్వాలి, రోజుకు 2,307 పడుతుంది. 30 అయితే రోజుకు 2,000, ఆదివారం కూడా అందులోనే కలిసిపోయినట్టు. కమిషనింగ్‌లో ఆదివారం అనేది క్యాలెండర్లో ఉంటుందిగానీ సైటులో ఉండదు కాబట్టి ఈ ఒక్క మాట మీదే నెలకు తొమ్మిది వేల పైనే తేడా వస్తుంది. షిఫ్టు ఎనిమిది గంటలా పన్నెండా, పన్నెండైతే పై నాలుగు గంటలకి ఓటీ (ఓవర్‌టైమ్) ఉందా, వర్షం పడో పని మొదలెట్టడానికి పర్మిట్ దొరకకో ఖాళీగా కూర్చున్న రోజు జీతం ఉందా, ఇవి నోటిమాటగా కాకుండా మెయిల్లో రాయించుకోండి. "సార్ మీరు చెప్పినవి కన్ఫర్మేషన్ కోసం రాస్తున్నాను" అని మీరే మెయిల్ పెట్టి, అవతల నుంచి ఒక్క "ఓకే" తెప్పించుకున్నా సరిపోతుంది.

గది, భోజనం వాళ్లదైతే గదిలో ఎంతమంది అని అడగడానికి మొహమాటపడొద్దు. ముగ్గురైతే పర్లేదు. రాత్రి షిఫ్టువాడు, పగలు షిఫ్టువాడు ఒకే మంచం పంచుకునే ఏర్పాటు కూడా చూశాను నేను. గది మీదే అయితే, పెద్ద ప్రాజెక్టు మొదలైన చిన్న ఊళ్లలో అద్దె ఎలా ఉంటుందో మీరు ఊహించుకోగలరు, అడ్వాన్సు కూడా మీ జేబులోంచే పోతుంది.

ఇక పీఎఫ్. సీటీసీ (కంపెనీకి మీ మీద అయ్యే మొత్తం ఖర్చు) అన్న మాట వినగానే రెండు వైపుల పీఎఫ్ అందులోనే ఉందేమో చూడండి. 15,000 మీద కట్టినా మీ వాటా 1,800, యజమాని వాటా 1,800, మొత్తం 3,600 చెప్పిన జీతంలోంచే పోతుంది. ఎంత పోయినా మీ ఖాతాలోకే కదా అంటారు, కానీ వెళ్తుందో లేదో చూసేదెవరు? పేస్లిప్‌లో కోసి, పీఎఫ్ ఆఫీసుకి కట్టని కాంట్రాక్టర్లు ఉన్నారు, ప్రతి నెలా పాస్‌బుక్ తెరిచి చూడటం తప్ప మందు లేదు. కొత్త సైటులో పీఎఫ్ తాలూకు పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి, కొత్తది తీయించుకోవద్దు. ముందు కంపెనీవాడు మీరు మానేసిన తేదీ ఎక్కించకపోతే ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది, చివరి కాంట్రిబ్యూషన్ పడి రెండు నెలలు దాటాక ఆ తేదీని పోర్టల్లో మీరే ఎక్కించుకునే వీలుంది, ఇది చాలామందికి తెలియక ఏడాదిపాటు ఫోన్లు చేస్తూ ఉంటారు. సైటు మారిన ప్రతిసారీ పీఎఫ్ డ్రా చేసుకుని బైకు కొనొద్దు. ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే టాక్స్ పడుతుంది, పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి, మనలాంటి ముక్కలు ముక్కల సర్వీసువాళ్లకి ఆ ముక్కలు కలవడమే ముఖ్యం.

జీతం 21,000 దాటితే ఈఎస్ఐ వర్తించదు, అంటే మన ఇంజనీర్లలో చాలామందికి ఉండదు. దాని బదులు యాక్సిడెంట్ పాలసీ ఏముందో, అందులో మీ పేరుందో కాపీ అడగండి. "ఉంది సార్, హెచ్ఆర్ దగ్గర ఉంది" అన్నది జవాబు కాదు.

కొందరు ఉద్యోగం కాదు, కన్సల్టెంటుగా రమ్మంటారు. పీఎఫ్ ఉండదు, ఫీజులో 10 శాతం టీడీఎస్ కోసి మిగతాది ఇస్తారు. చూడటానికి చేతికి ఎక్కువ వచ్చినట్టుంటుంది, రిటర్న్ వేస్తే కోసినదాంట్లో కొంత వెనక్కి కూడా రావచ్చు, కానీ దెబ్బ తగిలిన రోజు మీరు వాళ్ల ఉద్యోగి కాదు. పెళ్లై పిల్లలున్నవాళ్లు సొంతంగా టర్మ్ పాలసీ, హెల్త్ పాలసీ తీసుకున్నాకే ఈ పద్ధతికి ఒప్పుకోండి.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంతకాలం అని రాసి తీసుకున్న) ఉద్యోగికి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ హక్కు వస్తుంది, ముందులా ఐదేళ్లు ఆగక్కర్లేదు. కాబట్టి పదకొండు నెలలకి కాంట్రాక్టు రాస్తుంటే ఎందుకు పదకొండు అని ఒకసారి నవ్వుతూనే అడిగి చూడండి.

గల్ఫ్ అయితే

జుబైల్, రువైస్, రాస్ లఫాన్, ఎక్కడికెళ్లినా టీ బ్రేకులో తెలుగు వినపడుతుంది, ఆ ధైర్యంతోనే చాలామంది ఏమీ చూసుకోకుండా విమానం ఎక్కేస్తారు. ఏజెంటు లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్లో ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు. రిజిస్టర్డ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగింది 30,000, పైన 18 శాతం జీఎస్టీ, రసీదు ఇవ్వాలి. లక్షన్నర అడిగాడంటే అది ఫీజు కాదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రాలో ఓంక్యాప్ అని విదేశాల్లో ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి, మీ ట్రేడుకి వాటిలో ఏమైనా పడిందేమో ముందు చూడండి. పదో తరగతి పాసైన మనవాళ్ల పాస్‌పోర్టులకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు, మంచిదేగానీ దానర్థం మీ కాంట్రాక్టుని ఇక్కడ ఎవరూ చూడరని కూడా. అంటే మీరే చదవాలి, ప్రతి పేజీ.

విజిట్ వీసా మీద వచ్చేయ్, అక్కడ మార్చుకుందాం అంటే వెళ్లకండి. సౌదీలో ఇంజనీరుగా ఇకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్) కావాలంటే అక్కడి ఇంజనీర్ల కౌన్సిల్లో రిజిస్టర్ అవ్వాలి, దానికి డిగ్రీ అటెస్టేషన్ కావాలి, దానికి వారాలు పడుతుంది, ఆఫర్ వచ్చాక మొదలెడితే ఆఫర్ పోతుంది. ఉద్యోగం లేని నెలలో చేయించి పెట్టుకోండి. ఇంకో చిన్న లెక్క: ఉద్యోగం మీద బయటికి వెళ్లే ఏడాది ఇండియాలో 182 రోజులకన్నా తక్కువ ఉంటే ఆ ఆర్థిక సంవత్సరానికి మీరు ఎన్నారై, అక్కడి జీతం మీద ఇక్కడ టాక్స్ లేదు. సెప్టెంబర్ మూడో వారానికల్లా విమానం ఎక్కి, మార్చి దాకా తిరిగి రాకపోతే లెక్క సరిపోతుంది. అక్టోబర్లో ఎక్కినవాడికి అదే జీతం మీద టాక్స్ పడుతుంది. జాయినింగ్ తేదీ మీద బేరం ఆడే వీలుంటే దీన్ని గుర్తుపెట్టుకోండి.

సైటులో మొదటి వారం

గేట్ పాస్, మెడికల్, సేఫ్టీ ఇండక్షన్, ఇవి రెండు మూడు రోజులు తింటాయి. ఆ రోజుల జీతం మొదలైనట్టేనా అన్నది ముందే అడిగి ఉండాలి. షూస్ మాత్రం మీ సొంతవి, మంచివి కొనుక్కుని వెళ్లండి, వాళ్లిచ్చేవి పదో రోజుకి మడమ కొరికేస్తాయి.

పాస్ చేతికొచ్చాక డెస్కు ఎక్కడ, వైఫై ఏంటి అని కాకుండా డాక్యుమెంట్ కంట్రోల్ రూముకి వెళ్లి మీ సిస్టమ్ తాలూకు పీఅండ్ఐడీ (పైపులు, వాల్వులు, మీటర్లు చూపించే డ్రాయింగు) లేటెస్ట్ రివిజన్ తీసుకోండి. రివిజన్ నంబరు, తేదీ చూసి తీసుకోండి. నా అనుభవంలో సైటులో జరిగే గొడవల్లో సగం ఇద్దరి చేతుల్లో రెండు రివిజన్లు ఉండటం వల్లే. ఆ డ్రాయింగు, నాలుగు రంగుల హైలైటర్లు పట్టుకుని లైను వెంబడి నడవండి. పంపు సక్షన్ దగ్గర మొదలుపెట్టి వాల్వు తర్వాత వాల్వు, ఉన్నది పసుపు, లేనిది ఎరుపు, ఉండీ తిరగబడినది నీలం, ఇలా మీ పద్ధతి మీరు పెట్టుకోండి. నాన్ రిటర్న్ వాల్వు (ఒకవైపే పోనిచ్చేది) మీద బాణం గుర్తు ఎటు ఉందో వంగి చూడాలి, నిలబడి చూస్తే సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు రోజులు ఇలా తిరిగితే ప్లాంటు మీకు ఊరి వీధుల్లా అలవాటవుతుంది, పైగా ఆపరేషన్ వాళ్లు మిమ్మల్ని కుర్చీలో కూర్చునే రకం కాదని నమ్ముతారు. వాళ్ల నమ్మకం లేకుండా కమిషనింగ్‌లో ఒక్క పని జరగదు.

లూప్ చెక్: ఇక్కడ కాస్త నిదానంగా

ఇది నా బ్రాంచి కాబట్టి ఎక్కువ రాస్తున్నా, ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లు ఏమనుకోకండి.

పుస్తకంలో చెప్పేది తేలిక. ఫీల్డులో ట్రాన్స్‌మిటర్ (కొలిచిన ప్రెషరో లెవెలో కరెంటు సిగ్నల్‌గా పంపేది) దగ్గర ఒకడు, కంట్రోల్ రూములో స్క్రీను ముందు ఒకడు, ఇద్దరి చేతిలో వాకీటాకీలు. 4, 8, 12, 16, 20 మిల్లీ యాంపులు పంపాలి, అక్కడ 0, 25, 50, 75, 100 శాతం రావాలి, ఫారం నింపాలి, సంతకం. రోజుకి నలభై లూపులు టార్గెట్ అంటారు, సాయంత్రానికి నలభై ఫారాలు తయారవుతాయి కూడా.

ఒక బాయిలర్ ఫీడ్ లైను దగ్గర జరిగింది చెప్తాను. నేను కొత్తగా చేరాను, అప్పటికే ఓకే అయిన లూపుల్ని పదికొకటి చొప్పున మళ్లీ చూస్తున్నాను. ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌కి 12 మిల్లీ యాంపులు పెట్టి వాకీలో అడిగాను.

"ఎంత చూపిస్తోంది?"

"ఫిఫ్టీ పర్సెంట్ అన్నా, ఓకే."

"పర్సెంట్ కాదు బాబూ, బార్‌లో చెప్పు."

కాసేపు నిశ్శబ్దం. "ఐదు."

నా ముందున్న ట్రాన్స్‌మిటర్ డిస్‌ప్లే మీద ఎనిమిది ఉంది. ట్రాన్స్‌మిటర్ని 0 నుంచి 16 బార్‌కి సెట్ చేశారు, డీసీఎస్‌లో 0 నుంచి 10 అని ఎక్కించారు. కరెంటు సరిగ్గా వెళ్తోంది, శాతం సరిగ్గా వస్తోంది, ఫారం మీద మూడు సంతకాలు ఉన్నాయి, లైనులో ఎనిమిది బార్ ఉంటే ఆపరేటరుకి ఐదు కనపడుతుంది. మళ్లీ లెక్క తీస్తే ఆ ఏరియాలో అలాంటివి ఇంకో ఏడు దొరికాయి, డేటాషీటు రివిజన్ మారినప్పుడు ఒక వైపే మార్చారు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. వీలైన ప్రతిచోటా మిల్లీ యాంపులు కాకుండా హ్యాండ్ పంపుతో నిజంగా ప్రెషర్ పెట్టండి. అవతలివాణ్ణి శాతం చెప్పనివ్వద్దు, అంకె, యూనిట్ చెప్పమనండి. మీరు ఎంత పెట్టారో ముందే చెప్పకండి, చెప్తే అతనికి అదే కనపడుతుంది (మనుషులం కదా). అలారం, ట్రిప్ (పరికరం దానంతటదే ఆగిపోయే) పాయింట్లు దాటించి చూడండి, ఊరికే గుడ్డిగా 100 వరకు పోవద్దు. కంట్రోల్ వాల్వు అయితే తెరవడం మూయడం చూశాక ఎయిర్ కట్టేసి ఒకసారి చూడండి, ఫెయిల్ ఓపెన్ అని రాసినది నిజంగా తెరుచుకుంటుందా అని. రాసినదానికి తిరగబడి మూసుకున్న వాల్వుని నేను ఒక కూలింగ్ వాటర్ లైనులో పట్టుకున్నాను, అది రన్నింగ్‌లో తెలిసుంటే ఏమయ్యేదో ఆలోచించను.

ఇదంతా చాదస్తం అనిపిస్తే టెక్సస్ సిటీ సంగతి గుర్తు చేసుకోండి. 2005 మార్చి 23న అక్కడ బీపీ రిఫైనరీలో ఒక యూనిట్‌ని మళ్లీ స్టార్ట్ చేస్తున్నారు. టవరు అడుగున లెవెల్ పది అడుగుల లోపే ఉన్నట్టు, అదీ నెమ్మదిగా తగ్గుతున్నట్టు ట్రాన్స్‌మిటర్ చూపిస్తోంది, లోపల నిజంగా ఉన్నది 150 అడుగులు దాటింది. విడిగా ఉన్న రెండో హై లెవెల్ అలారం మోగలేదు. టవరు పొంగి, హైడ్రోకార్బన్ బయటికి చిమ్మి పేలింది, 15 మంది పోయారు. ఆ పదిహేను మందీ కాంట్రాక్టు వాళ్లే, ఆ యూనిట్ నడిపేవాళ్లు కూడా కాదు, దగ్గర్లో పెట్టిన ట్రైలర్ ఆఫీసుల్లోనూ వాటి చుట్టుపక్కలా ఉన్నవాళ్లు. అందుకే స్టార్టప్ రోజున మీకు పని లేకపోతే ఆ ఏరియాలో ఉండొద్దు. మీ కంటెయినర్ ఆఫీసు ఎక్కడ పెట్టారో కూడా ఒకసారి చూసుకోండి, దూరంగా మార్చమని అడగడం మీ పని కాదని ఎవరన్నా సరే, అడగండి.

పంచ్ లిస్టు దగ్గర వచ్చే ఒత్తిడి

ఎరెక్షన్ అయ్యాక మిగిలిన లోపాల జాబితానే పంచ్ లిస్టు. దాదాపు అన్ని సైట్లలో ఏ, బీ, సీ అని ఉంటాయి. ఏ అంటే ఇది సరిచేయకుండా ముందుకి వెళ్లకూడదు, బీ అంటే హ్యాండోవర్ లోపు చేయొచ్చు, సీ అంటే రంగులు, ట్యాగులు (పరికరాల నంబరు పలకలు) లాంటివి. నిర్వచనం సైటుని బట్టి కొంచెం మారుతుంది, మీ సైటు ప్రొసీజర్ చదవండి.

నెలాఖరు వచ్చిందంటే మీ దగ్గరికి ఒకరు టీతో వస్తారు. "ఈ నాలుగు ఏ పాయింట్లు బీ చేసేయండి సార్, బిల్లు ఆగిపోయింది, వచ్చే వారం చేసేస్తాం." మనిషి మంచివాడే, వచ్చే వారం చేస్తాడు కూడా, ఒక్కోసారి. కానీ సేఫ్టీ వాల్వు టెస్టు సర్టిఫికెట్ లేని పాయింటుని బీ చేస్తే ఆ మార్పు మీద ఉండేది మీ పేరు, ఈ టీ తెచ్చినాయన పేరు కాదు. కాదనడం కష్టమే, కాంట్రాక్టు మనిషివి కదా, రేపు రెన్యువల్ అతని చేతుల్లోనే ఉండొచ్చు. నేను చేసేది ఏంటంటే, గట్టిగా నో అనను, "చేద్దాం సార్, క్లయింట్ నుంచి ఒక మెయిల్ పెట్టించండి, దాన్నిబట్టి మారుస్తాను" అంటాను. పదిలో తొమ్మిదిసార్లు ఆ మెయిల్ రాదు, ఎందుకంటే రాసేవాడికీ అదే భయం. వచ్చిందా, ఆ మెయిల్ ప్రింటు తీసి ఫోల్డర్లో పెట్టి, రిమార్క్స్ గడిలో మెయిల్ తేదీ రాసి సంతకం చేస్తాను. అది మరీ ప్రమాదమైతే మెయిల్ ఉన్నా చేయను. అలా ఒకసారి ఒక సైటు నుంచి నన్ను ముందే పంపించేశారు, పదిహేను రోజుల్లో ఇంకోచోట దొరికింది.

ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు, లేని రోజు తేదీ వేసి సంతకాలు మాత్రం ఎవరడిగినా చేయొద్దు.

ఇక ప్రాణాలు

ఫ్లషింగ్, స్టీమ్ బ్లోయింగ్, కెమికల్ క్లీనింగ్, నైట్రోజన్ పర్జింగ్ (లోపలి గాలిని నైట్రోజన్‌తో తోసేయడం), ప్లాంటు జీవితంలో ఇవి కొన్నాళ్లే ఉంటాయి, ఆ కొన్నాళ్లూ మనమే ఉంటాం. స్టీమ్ బ్లోయింగ్‌లో పైపులోంచి ఆవిరిని బయటికి వదిలి, దాని దారిలో మెరుగుపెట్టిన ప్లేటు పెట్టి దాని మీద ఎన్ని గుంటలు పడ్డాయో లెక్కపెడతారు, గుంటలు తగ్గే వరకు మళ్లీ మళ్లీ వదులుతారు. చెవులకి ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. చూడటానికి సరదాగా ఉందని దగ్గరికి పోయే కుర్రాళ్లని వెనక్కి లాగండి.

నాకు వీటన్నిటికన్నా భయం నైట్రోజన్ అంటే. వాసన లేదు, రంగు లేదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కన్నా తగ్గితే లోపలికి పోకూడదు. ఆక్సిజన్ బాగా తగ్గిన వెసల్లో (ట్యాంకులో) ఒకటి రెండు శ్వాసలకే మనిషి పడిపోతాడు, అతన్ని లాగడానికి దూకిన రెండోవాడూ పడిపోతాడు. మ్యాన్‌హోల్లోకి తల పెట్టి చూడటం కూడా లోపలికి వెళ్లినట్టే. గ్యాస్ టెస్టు ఎవరు చేశారు, ఎన్నింటికి చేశారు, ఆ మీటరు క్యాలిబ్రేషన్ ఎప్పటిది అని మీ కళ్లతో చూసి పర్మిట్ మీద సంతకం పెట్టండి. మోటారు మీద పని ఉంటే కరెంటు తీసేసి స్విచ్చికి వేసే తాళం మీది, తాళంచెవి మీ జేబులో. "నేను చూసుకుంటాలే అన్నా" అన్నవాడు మధ్యలో భోజనానికి వెళ్తాడు.

డైరీ, ఇంకా వచ్చేటప్పుడు

రాత్రి పడుకునే ముందు ఐదు లైన్లు రాయండి. తేదీ, ఏ ట్యాగులు చూశారు, ఏం దొరికింది, ఎవరికి చెప్పారు, వాళ్లు ఏమన్నారు. హైడ్రోకార్బన్ సైట్లలో ఫోన్ లోపలికి రానివ్వరు, ఫొటోలు ఉండవు, కాబట్టి చేతిరాతే దిక్కు. క్లయింటు డ్రాయింగులు, ఫైళ్లు మాత్రం పెన్‌డ్రైవులో ఎక్కించుకుని రావద్దు, అది దొంగతనం కిందికే వస్తుంది. రాసుకున్నది మీ పని గురించే అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ డైరీ నాకు ఇంటర్వ్యూల్లో పనికొచ్చినంతగా సర్టిఫికెట్లు పనికిరాలేదు. "ఎన్ని లూపులు చేశారు?" అంటే "1,140, అందులో 38 మళ్లీ చేయాల్సొచ్చింది, కారణాలివి" అని చెప్పినవాణ్ణి ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు.

సర్టిఫికెట్లు అసలు వద్దని కాదు. క్యూసీ (నాణ్యత తనిఖీ) వైపు వెళ్లేవాళ్లకి ఏఎస్ఎన్‌టీ లెవెల్ టూ, సేఫ్టీకి నెబోష్, ప్లానింగ్‌కి ప్రైమావెరా, ఇవి గేటు దాటిస్తాయి. ఇన్‌స్ట్రుమెంట్, ఎలక్ట్రికల్ వాళ్లు గల్ఫ్ అనుకుంటే కాంపెక్స్ (పేలుడు ప్రమాదమున్న చోట్ల పనిచేసేవాళ్ల సర్టిఫికెట్) గురించి ఆలోచించొచ్చు, ఖరీదెక్కువ, ఆఫర్ కనపడుతున్నప్పుడే చేయండి.

ఏడాదికి పన్నెండు నెలల జీతం వస్తుందని ఎప్పుడూ లెక్క వేయకండి. నేను తొమ్మిది నెలలే అనుకుంటాను, ఈఎంఐ కూడా దాన్నిబట్టే. కరోనా ఏడాది అది కూడా సరిపోలేదు. సైటు చివరి దశకి వచ్చినట్టు ముందే తెలుస్తుంది, క్యాంటీన్లో క్యూ తగ్గుతుంది, స్కాఫోల్డింగు విప్పేస్తుంటారు, క్రేన్లు వెళ్లిపోతాయి. క్రేన్లు వెళ్లడం చూసిన రోజు నుంచే పాత సైట్ల స్నేహితులకి ఫోన్లు చేయడం మొదలుపెట్టండి, కన్సల్టెన్సీల కన్నా వాళ్ల ద్వారానే నాకు పని ఎక్కువ దొరికింది.

చివరి రోజు అందరూ ముందు గేట్ పాస్ ఇచ్చేస్తారు, తర్వాత ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం బయట నిలబడతారు. మీరు తిరగేసి చేయండి. నెల ముందే లెటర్ డ్రాఫ్టు మీరే రాసి ఇవ్వండి, అందులో ప్లాంటు కెపాసిటీ, మీరు చూసిన సిస్టమ్‌లు, డీసీఎస్ పేరు, తేదీలు ఉండాలి, ఊరికే "ఇంజనీరుగా పనిచేశారు" అని ఉంటే ఉపయోగం లేదు. అప్పగించిన పనిముట్లకి, ఫోల్డర్లకి రసీదు తీసుకోండి, బాకీ ఎంతుందో మెయిల్లో ఒప్పించుకోండి, స్టాంపు పడ్డ లెటర్ చేతికొచ్చాక అప్పుడు మెళ్లోంచి పాస్ తీసి ఇవ్వండి. బస్సు రాత్రి పదింటికి ఉంటుంది, తొందరేం లేదు.